శోకమునందు కారకవివక్ష

స్త్రీపర్వమును బాఠముగా జెప్పు పండితులకు చిరపరిచితమైన ప్రశ్న యొకటి కలదు. గాంధారీధృతరాష్ట్రుల శోకములను బోల్చి యెవరిది యుత్తమమో నిరూపింపుడని యడుగుదుము. విద్యార్థులును మనము చెప్పినదే తిరిగి వ్రాయుదురు. ఓర్చుకొన్నవా రుత్తములు, శపించినవారు మధ్యములు, నేలబడి యేడ్చినవా రధములు. 30 ఏండ్లుగా నేనీ ప్రశ్న నిచ్చుచు, నీ యుత్తరమునకు 100కు 70, 80 మార్కులు వేయుచు వచ్చితిని. వానిలో నెన్ని యన్యాయముగా వేసితినో యిప్పుడు లెక్కింప వీలులేదు. ఒకే యాపద పలువురకు గలిగినపుడు దానిని వారు వేర్వేఱు విధముల నేల భరింతురో, కొంద ఱేల భరింపలేరో యను విషయమున మన యలంకారశాస్త్రము చెప్పినది చాలదనియు, చాలినంత సామగ్రి భారతముననే కలదనియు, దానిని జదువుటకు వ్యాకరణము తోడ్పడుననియు జూపుట యీ వ్యాసమున నా యుద్దేశము. వ్యాసమూలమును బట్టియే వ్రాయుచున్నాను. విరాటపర్వము మొదలుకొని తిక్కనసోమయాజి తెనిగించిన 15 పర్వములలో నీ ఘట్టములను మూలముతో సరిపోల్చుట వేఱొక వ్యాసమునకు దగిన పని.

పై తీర్పునకు మూలము నాట్యశాస్త్ర సప్తమాధ్యాయము. అందు శోకమను స్థాయిభావమును వివరించుచు భరతముని, యుత్తమమధ్యమప్రకృతులు దానిని ధైర్యముచే నణచుకొందురనియు, స్త్రీలును నీచప్రకృతులును రోదనముచే వెలిబుత్తురనియు విభజించెను. నటునకు శిక్ష నిచ్చుట కీ విభాగము చక్కగా నుపకరించును. ఏ పాత్ర రంగమున నెంత యేడ్వవలెనో నటునకు దెలియవలయును గదా. కాని నటునకై చెప్పిన నియమమును మనుష్యుని విలువకు గొలబద్దగా జేసినది భరతుడు కాడు, మనమే. పైగా నీ కొలబద్ద భారతమున రెండడుగులైనను సాగదు. యుధిష్ఠిరార్జును లిరువురు నుత్తమప్రకృతులే, ఏకోదరులే, ఒక గురువు శిష్యులే. అభిమన్యుడు మడిసిననాడు వా రిరువురు నొక్కరీతిగా నుండిరా?

ఆ కథ యందఱకు దెలిసినదే యైనను మనకు వలసిన యంశములను మాత్రము స్మరింతము. సంశప్తకు లర్జునుని దూరముగా లాగికొనిపోయిరి. వ్యూహమును భేదింప నెఱిగినవాడు పాండవసేనలో నభిమన్యు డొక్కడే మిగిలెను. లోనికి జొచ్చుట తెలియును గాని యాపద వచ్చినచో వెలువడుట తెలియదని బాలుడు మొదటనే చెప్పెను. వెన్నంటి వత్తుము పొమ్మని ధర్మరాజు పంపెను. సైంధవు డడ్డగించుటచే వెన్నంటి వచ్చుట పొసగలేదు. ఆ సాయంకాలమున నీ యొక్క మరణము ముగ్గురియందు మూడు రూపములు దాల్చెను.

ధర్మరాజు, అర్జునుని ముఖ మెట్లు చూతును, సుభద్ర కేమని చెప్పుదును అని తన్ను దాను నిందించుకొనెను. ఆతని విలాపమున బ్రధానక్రియ చచ్చుట కాదు, పంపుట. అర్జునుడు శిబిరమునకు దిరిగివచ్చుచు మంగళవాద్యములు వినరామిని గుర్తించి కీడు శంకించెను. విని విలపించెను. కాపాడలేని సోదరులను నిష్ఠురము లాడెను. సైంధవుని పేరు చెవిని బడినంతనే, మఱునాడు సూర్యుడు గ్రుంకులోపల వానిని జంపుదును, లేనిచో నగ్నిలో బ్రవేశింతునని ప్రతిజ్ఞ పట్టెను. సుభద్రకు పంపుటయు లేదు, చంపుటయు లేదు. కృష్ణు డోదార్చినను నోదారక యామె విలపించి విలపించి, తుదకు దాతలును శూరులును నియమవంతులును బొందు సద్గతుల నొక్కొక్కటిగా బేర్కొనుచు, నా గతులకు నీవును బొమ్మని కుమారుని దీవించెను. దీవెన యనునది బ్రదికియున్నవానికి జేయు క్రియ. చచ్చినవానికొఱకు జేయుట కామెకు మిగిలిన క్రియయు నదియొక్కటే.

నాయకభేదముచే నిది సమాధేయమని కొంద ఱనవచ్చును. ధర్మరాజు శాంతుడు, అర్జునుడు ధీరోదాత్తుడు, కావున స్వభావభేదమువలననే శోకభేదమని వారి యాశయము. తొలిచూపునకు సమంజసముగనే తోచును. కాని యా యర్జునుడే యుద్ధపు మొదటినాడు, ఇంకను నొక్కడును మడియకమునుపే, రెండు సేనల నడుమ గాండీవము జాఱవిడిచి రథమున జతికిలబడెను. ఎవరును జావకమునుపు విల్లు విడిచినవాడు, 13వ నాడు కన్నకొడుకు చచ్చిన పిమ్మట విల్లు పట్టెను. స్వభావ మదే, వంశ మదే, పక్కనున్న సారథియు నాతడే. స్వభావమే కారణమైనచో దీని కేమి చెప్పుదుము? మొదటినాడు చంపుట యను క్రియకు దన్ను గర్తగా జూచుకొనెను. చంపబడువారు తాతయు గురువును. 13వ నాడు చంపుటకు గర్తలు వేఱొకరు, తాను కోల్పోయినవాడు. క్రియ యదియే, కారకము మాఱినది. కృష్ణు డిచ్చిన మందును గారకమును మార్చుటయే. నీవు నిమిత్తమాత్రుడవు కమ్మని గదా యాతడు చెప్పినది.

వైయాకరణుల కిది క్రొత్త కాదు. ఇతరులకై కొంచెము వివరింతును. కారకము వస్తువునందు గట్టిపడియుండు ధర్మము కాదు, చెప్పువాని వివక్షను బట్టి యేర్పడునది. వంట యను క్రియయందు కుండ యొకటి యున్నది. కుండలో వండుచున్నాడనిన నది యధికరణము. కుండతో వండుచున్నాడనిన గరణము. కుండయే వండుచున్నదనిన గర్త. కుండయు నిప్పును బియ్యమును మాఱలేదు. ఇక గర్త యెవడు? క్రియయందు స్వతంత్రుడైనవాడని పాణిని. ఆ కర్తను బ్రేరేపించువానికి హేతువను సంజ్ఞ నిచ్చి, కర్తృసంజ్ఞనుగూడ నాతనియందుంచెను. ఇందు మఱువరాని యంశ మొకటి కలదు. ప్రేరేపింపబడినంతమాత్రమున మొదటివాని స్వాతంత్ర్యము పోదు. దేవదత్తుడు యజ్ఞదత్తునిచే వండించినను, వండినవాడు యజ్ఞదత్తుడే.

దుఃఖమును గూర్చి మనుష్యుడు తనలో దాను జెప్పుకొను వాక్యముగూడ నిట్టిదే యని నా మతము. జరిగినది యొక్కటే యైనను, ఆ వాక్యమున దన్ను దా నే విభక్తిలో నిలుపుకొనునో దానిని బట్టి వాని శోకము రూపు గట్టును. అయితే వివక్ష యనిన స్వేచ్ఛ కాదు. లోకప్రయోగము సమ్మతింపనిచోట వివక్ష చెల్లదని వైయాకరణులందఱు నంగీకరించినదే. కుండను గర్త యనవచ్చును గాని బియ్యము నధికరణమనిన వినువారు నవ్వుదురు. కావున బాధపడువానియొద్దకు బోయి, నీవు వేఱువిధముగ దలంచుకొనుము, బాధ పోవునని యూరక యుపదేశించుట వ్యాకరణముననే నిలువదు. తలంచుకొనదగినది యాతనికి జరిగినదానియందే యుండవలయును.

ఇక ధృతరాష్ట్రుడు. ఆదిపర్వారంభమున నాతని విలాపమొకటి కలదు. నేనెప్పుడు ఫలానిది వింటినో యప్పుడే జయాశ వదలితిని అను నాకారముగల వాక్యము లందు 50కి మించి వరుసగా వచ్చును. అంధుడు గావున విన్నాననుట సహజమే. కాని యా వాక్యములన్నిటను రాజు దనకు గర్తృత్వము నుంచుకొన్న క్రియ వినుట యొక్కటియే. జూదమునాడు సభలో సంతోషముతో గెలిచితిమా, గెలిచితిమా యని మాటిమాటికి నడిగిన యడుగుట యందు లేదు. జూదమునకు సమ్మతించిన సమ్మతియు లేదు. భర్తృహరి వాక్యపదీయమున సంప్రదానమును విభజించుచు, ఇమ్మని ప్రేరేపించువాడు, ఇచ్చిన దానిని సమ్మతించువాడు, వలదనని వాడు అని మూడువిధములు చెప్పెను. మూడవదానికి సూర్యున కిచ్చు నర్ఘ్య ముదాహరణముగా జెప్పుదురు. సూర్యు డిమ్మనడు, వలదనడు. ధృతరాష్ట్రుడు తన్ను సూర్యునివలె నెంచుకొనెను. రాజ్యము తనయొద్దకు వచ్చినది, తాను వలదనలేదు, అంతే. అందుకే విదురుడు చెప్పిన సంసారాటవికథ యంతయు నాతని చెవిని దాటి లోనికి బోలేదు. తాను చేసినది లేదనుకొన్నవానికి నివర్తింపదగినదియు నుండదు. దుఃఖము దైవము తెచ్చిన వానవలె నెదుట నిలిచియుండును.

ఆతని యేడ్పు నిజమైన క్షణ మొకటి కలదు. భీముని గౌగిలింప గోరినపుడు కృష్ణు డినుపబొమ్మను ముందు నిలిపెను. తన కొడుకు భీమునిపై బగచే జేయించుకొన్న బొమ్మ యది. ముదుసలి దానిని నుగ్గు చేసి, ఱొమ్ము నొచ్చి, నోట నెత్తురు గ్రక్కి నేలబడెను. పిదప హా భీమా యని యేడ్చెను. అది కపటరోదనమని మనలో బలువురు బోధింతురు. నా కట్లు తోపదు. ఆ 18 దినములలోను వెనుకటి యేండ్లలోను నాతడు స్వహస్తముతో జేసిన క్రియ యదియొక్కటే. చంపితిననుకొన్న తోడనే, యొకని చావును గూర్చి విన్నవానిగా గాక చేసినవానిగా నేడ్చెను. భీముడు చావలేదని తెలిసినపిమ్మట మిగిలిన పాండవులను జేరదీయగలిగెను. అంతకుముందు చేరదీయుట యాతనికి సాధ్యము గాలేదు.

ఇట నా సంగతి యొకటి చెప్పకతప్పదు. నా తండ్రి గతించినపుడు నేను దూరదేశమున నుంటిని. జాబు చూచుకొని వచ్చి కర్మ ముగిసిన వారముననే తిరిగి ప్రౌఢమనోరమాపాఠ మారంభించితిని. మా యన్న యాఱుమాసములు వీధి గడప దాటలేదు. ఊరివారు నన్ను ధీరుడనిరి, అన్నను దుర్బలుడనిరి. నేనును దానిని నమ్మితిని. తుది రాత్రి తండ్రికి మందు కలిపి యిచ్చిన చేయి మా యన్నదని నా కప్పుడు తెలిసియు నందలి యర్థము తెలియలేదు. ఆతడు చేసినవాడు, నేను విన్నవాడను. నాది ధైర్యము కాదు, దూరము.

గాంధారి విషయమున విమర్శకుల కొక చిక్కు కలదు. ద్రౌపది కుమారులను గోల్పోయి యేడ్చుచుండగా గాంధారి యామెను లేవనెత్తి, నీ వెట్లో నేనును నట్లే, మన నెవ రోదార్తురు, నా యపరాధముననే యీ వంశము నశించెనని చెప్పెను. కొంతసేపటికి యుద్ధభూమిని జూచి, కృష్ణుడే దీనికి గారకుడని యాతనిని శపించెను. తప్పు తనదని యొప్పుకొన్నది యింకొకని నేల శపింపవలయును? ఇది పాత్రపోషణమున బూర్వాపరవిరోధ మని కొందఱును, అతిశోకమున మతి చలించెనని కొందఱు నందురు. ఈ రెండును నా కొప్పిదములు గావు. శాపమునకు గాంధారి చెప్పిన కారణమును జూడుడు. నీవు శక్తుడవు, మాన్పగలవాడవు, తెలిసియు నుపేక్షించితివి. ఈ యుపేక్షయే గదా తాను తనపై మోపుకొన్న యపరాధము! జూదము జరిగినపిమ్మట దుర్యోధనుని విడువుమని భర్తకు జెప్పినది, రాయబారమునాడు సభకు వచ్చి కొడుకును మందలించినది యామెయే. చెప్పినది గాని మాన్పలేకపోయినది. మాన్పలేమిని మాన్పమిగా దనయందు జెప్పికొన్నది. అదే వాక్యమును మాన్పగలవానియందు జెప్పినపుడు శాప మైనది. వాక్యము మాఱలేదు, కర్తృపద మొక్కటి మాఱినది. 36 ఏండ్ల పిమ్మట నీ వృష్ణులు తమలో దాము గొట్టుకొని నశింతురుగాక యను నా శాపమును గృష్ణుడు చిఱునవ్వుతో గ్రహించెను. పిదప నాతడు, నీ తప్పిదముననే కౌరవులు మడిసిరని యామెతో నిష్ఠురముగ బలికెను. ఆమె మాఱు పలుకలేదు. పలుకుట కేమున్నది? ఆ మాటను దానే ముందు చెప్పియుండెను.

ధర్మరాజు నామె యేల శపింపలేదో యనుటకును నిదియే మార్గము. నీ కొడుకులను జంపినవాడను నేనే, నన్ను శపింపుమని యాతడు ముందుకు వచ్చి పాదములపై వ్రాల నుద్యుక్తుడయ్యెను. ఆమె నిట్టూర్చినది గాని పలుకలేదు. కంటిగంత యంచునుండి చూపు కాలివ్రేళ్లపై బడి గోళ్లు మాత్రము చెడినవి. కర్తృత్వమును దానై యెత్తికొన్నవానిపై మోపుట కిక నేమియు మిగులదు.

కుంతి శోకము వీరందఱి శోకమువంటిది గాదు. అది యుద్ధముతో బుట్టినది గాదు. కన్నబిడ్డను బెట్టెలో నుంచి నదిని విడిచిననాడు పుట్టి, యస్త్రవిద్యాప్రదర్శనమున గర్ణుని జూచి మూర్ఛిల్లిననాడు పెరిగి, యెవరికిని జెప్పబడక నిలిచియున్నది. యుద్ధమునకు ముందు కర్ణునితో మాత్రము చెప్పెను. విశ్లేషమున నేది యవధియో యది యపాదానము. దానిని ధ్రువమందురు. ధ్రువమనగా గదలనిదని యర్థము గాదు. పరుగెత్తు గుఱ్ఱమునుండి పడినవానికి నా పరుగెత్తు గుఱ్ఱమే ధ్రువము. కుంతియు నట్లే, వనమునకు బోయినను రాజ్యమునకు వచ్చినను, కర్ణుని యెడబాటునకు నవధిగా నుండిపోయెను. ఇన్ని యేండ్ల మౌనము నామె యేల గంగయొడ్డున విడిచెను? తర్పణము లిచ్చునపుడు నామగోత్రములు చెప్పవలయును. సంప్రదానమునకు బేరు లేనిచో నీళ్లు వదలరాదు. రాధేయుడని మీ రెంచినవాడు మీ యగ్రజుడు, వానికిని జలము లిండని యామె పలికినది ధైర్యముననో పశ్చాత్తాపముననో యని తర్కించుటకంటె, కర్మ యామెను బలికించినదనుట మూలమునకు దగ్గఱ.

ఆ మాట ధర్మరాజుపై బడినది. అభిమన్యుని శోకము నాతడు వ్యాసోపదేశముచే నాటి రాత్రియే కొంత దీర్చుకొని మఱునాడు యుద్ధమునకు వెడలెను. కర్ణునిశోక మట్లు తీఱలేదు. సభలో దనకు గోపము వచ్చినపుడెల్ల గర్ణుని పాదములను జూచినంతనే చల్లారుచుండెననియు, అవి తల్లిపాదములను బోలియుండుట గుర్తించియు గారణ మెఱుగనైతిననియు నాతడు శాంతిపర్వమున జెప్పుకొనును. ఇకమీదట స్త్రీలకు రహస్యము దాచు శక్తి లేకుండుగాక యని శపించుటయు నచ్చటనే. శాంతుడనబడినవాడు శపించినాడని మనము విద్యార్థులకు జెప్పుట యరుదు. మాంసఖండమునకై కొట్లాడు కుక్కలవలె రాజ్యమునకై జ్ఞాతులను జంపితిమని వాపోవును. ఇచ్చట భేదమును గుర్తింపుడు. అభిమన్యుని విషయమునను లోభప్రసక్తి చేసికొనెను గాని యచ్చట బ్రధానము, బాలుని బంపితిననుట. అది క్రియ. ఇచ్చట, లోభులమైతిమనుట. అది గుణము. క్రియకు గాలము కలదు, ముగింపు కలదు. గుణము ద్రవ్యమును విడువదు.

ఈ భేదమును నవీనమనశ్శాస్త్రమును గుర్తించినది. 1977లో అమెరికాదేశమున జానఫ్-బుల్మన్, వార్ట్‌మన్ అను నిరువురు పరిశోధకులు, ప్రమాదములలో వెన్నెముక దెబ్బతిని యవయవముల స్వాధీనము గోల్పోయిన 29 మందిని బ్రశ్నించిరి. ఆపదకు దామే కారణమని యెంచినవారు మేలుగా భరించుచుండిరి. ఇతరులు కారణమని యెంచినవారును, తప్పించుకొనియుండవచ్చునే యని వగచువారును మేలుగా భరింపలేకుండిరి. మన మూహించుదానికి విరుద్ధమైన ఫలిత మిది. 1979లో జానఫ్-బుల్మన్ ఇంకొక విభాగము చేసెను. తాను చేసిన పనిని నిందించుకొనుట వేఱు, తన స్వభావమునే నిందించుకొనుట వేఱు. మొదటిదానియందు, ఇక ముందట్లు చేయననుకొనుట కవకాశము కలదు. రెండవదానియందు లేదు. 29 మంది కొలది సంఖ్యయే. అదియొక్కటే ప్రమాణముగా జేసికొనుమని నేననను. కాని క్రియాగుణభేదమును బట్టి శోకమును విభజించిరనుట మాత్రము వైయాకరణునకు సంతోషము గలిగించు విషయము.

దీనిని మనసున నుంచుకొని యానుశాసనికపర్వారంభమును జదువుడు. భీష్ముని శరతల్పమునకు దానే కర్తనని ధర్మరాజు మరల గుందగా, పితామహుడు గౌతమి కథ చెప్పెను. వృద్ధబ్రాహ్మణి యగు గౌతమి కొడుకు పాముకాటున జచ్చెను. అర్జునకుడను బోయ పామును గట్టి తెచ్చి, నిప్పున వేయుదునా, తునుకలు చేయుదునా యనెను. విడిచిపెట్టుమని గౌతమి. నేను స్వతంత్రుడను గాను, మృత్యువు పంపెనని పాము. కుండకు దండచక్రములువలె నీవును గారణమే యని బోయ. దండచక్రములు పరవశములు గావా యని పాము. మృత్యువు వచ్చి, నన్ను గాలుడు ప్రేరేపించెననును. కాలుడు వచ్చి, బాలుని కర్మమే కారణమనును. వ్యాకరణశాలలో గర్తృహేతుచర్చ విన్నట్లుండును!

ఈ కథకు మన పండితులు చెప్పు తాత్పర్యము, ఎవరును గర్తలు గారు, కావున శోకింపవలదని. నేనును నట్లే చెప్పియుంటిని. ఇది సరికాదని యిప్పుడు తోచుచున్నది. మొదటిది, పాము నోరు విప్పకమునుపే గౌతమి దానిని విడువుమనెను. ఆమె శాంతి యీ చర్చవలన బుట్టినది గాదు. రెండవది, కాలుడు తీర్పు చెప్పినపిమ్మట గౌతమి యేమనెను? వీడు తన కర్మచే జచ్చెను, వీడు చచ్చుటకు దగిన కర్మ నేనును జేసితిననెను. అందఱును గర్తృత్వమును బైవానిపైకి ద్రోసివేయుచుండగా, దానిని దనయందుంచుకొన్నది యామె యొక్కతియే. ఉంచుకొన్నదియు గ్రియారూపముననే, గుణరూపమున గాదు. నేను పాపిననలేదు, చేసితిననెను. తరువాత గాలమృత్యువులను బొమ్మనెను, బోయను బామును విడువుమనెను. ఇట్లు చదివినచో నీ కథ యూరడింపుకథ కాదు. పంపితినను ధర్మరాజును లోభినను ధర్మరాజునుండి వేఱుచేయుటకు భీష్ముడు చేసిన యత్నము.

అది ఫలించినదా? కథ విని ధర్మరాజు జ్వరము వీడెనని మూలము చెప్పుచున్నది. కాని యాశ్వమేధికపర్వము తొలి యధ్యాయముననే, భీష్మునకు నీళ్లు విడిచి గంగయొడ్డున నాతడు మరల గూలబడెను. భీముడు పట్టుకొనెను. అప్పు డోదార్చినవా డెవడు? ధృతరాష్ట్రుడు. నీవు క్షత్రియధర్మమున గెలిచితివి, శోకింపవలసినవారము కలలో ధనమువలె 100 మంది కొడుకులు మాయమైన నేనును గాంధారియును గాని నీవు కావని పలికెను. శోకింపవలసినవారమని యాతడు తన్ను శోకించుటకు గర్తగా జెప్పుకొనుట గమనింపదగినది. ఇనుపబొమ్మను విఱిచినవాడు గదా. పిదప వ్యాసు డశ్వమేధమును విధించెను. ఉపదేశములచే దీఱని దానికి మరల నొక క్రియనే విధింపవలసివచ్చినది.

15 ఏండ్లు ధర్మరాజునొద్ద నుండి, భీముని సూటిపోటిమాటలు భరింపజాలక ధృతరాష్ట్రుడు వనమునకు బయలుదేఱెను. కొడుకులు కాళ్లు పట్టుకొని వేడినను నిలువక కుంతియు వెడలెను. యుద్ధమునకు మమ్ము బురికొల్పినదానవు నీవే గదా, గెలిచిన రాజ్యమును విడిచి యేల పోయెదవని యామెను బుత్రు లడిగిరి. మీ రణగిపోకుండుటకై పురికొల్పితిని, ఫలమున కాశించి కాదని యామె యుత్తర మిచ్చెను. హేతువు తానని యొప్పుకొన్నది, ఫలమును మాత్రము విడిచినది. హస్తినాపురమునుండి వెడలిన క్రమమును మూలము చెప్పుచున్నది. ముందు కుంతి, ఆమె భుజముపై చేయివేసి గంత కట్టుకొన్న గాంధారి, గాంధారి భుజముపై చేయివేసి ధృతరాష్ట్రుడు. చంపినవారి తల్లి ముందు నడచెను.

ఈ యేడు స్త్రీపర్వమునకు నా పాతప్రశ్నను మార్చి యిట్లు వ్రాసితిని: కుంతియు గాంధారియు ధృతరాష్ట్రుడును దమ్ము దా మే క్రియకు గర్తలుగా నెంచుకొనిరో, యే క్రియయందు నెంచుకొనరైరో, మూలమునుబట్టి చూపుడు.